కంటి దవాఖానలో యంత్రాలనూ రోగి రికార్డునూ అనుసంధానించడం: నల్లగొండ, పాలమూరు క్లినిక్కుల కోసం

ఇద్దరు ముగ్గురు డాక్టర్లు పనిచేసే జిల్లా కేంద్రపు కంటి దవాఖానలో సైతం నేడు అద్దాల నంబరును అంచనా వేసే ఆటోరిఫ్రాక్టోమీటరు, కంటి వెనుక భాగాన్ని ఫోటో తీసే ఫండస్ కెమెరా, రెటీనా పొరలను స్కాను చేసే ఓసీటీ, చూపు పరిధిని పరీక్షించే విజువల్ ఫీల్డ్ యంత్రం, కంటి పొడవు వంటి కొలతలు తీసే బయోమీటరు ఉండటం విశేషమేమీ కాదు. అయితే వీటిలో చాలావాటికి తమవైన కంప్యూటర్లు, తమవైన రోగుల జాబితాలు ఉంటాయి. ఓపీ కౌంటరులో ఒకసారి, ఓసీటీ గదిలో ఒకసారి, ఫీల్డ్స్ గదిలో మరొకసారి రోగి పేరును వేర్వేరు సిబ్బంది వేర్వేరు స్పెల్లింగులతో టైపు చేస్తారు. గ్లాకోమా రోగి ఏడాది తరువాత తిరిగి వచ్చినప్పుడు పాత స్కాను యంత్రంలోనే ఉన్నా వెతికితే దొరకదు. మళ్లీ కొత్తగా తీసి, పోల్చి చూడటానికి ఏమీ లేకుండానే చికిత్సను నిర్ణయించవలసి వస్తుంది. పాలమూరు నుంచి ముంబయి, పుణె వైపు పనులకు వలస వెళ్లి పండుగలకో, పొలం పనులకో మాత్రమే ఊరికి వచ్చే కుటుంబాల విషయంలో ఈ నష్టం మరింత ఎక్కువ, ఎందుకంటే వారు దవాఖానకు వచ్చిన ఆ ఒక్క రోజునే పాత పరీక్షలన్నీ డాక్టరు ముందు ఉండాలి.

అనుసంధానం అనగానే చాలామంది సర్వరు, కేబుళ్లు, సాఫ్ట్‌వేరు ధర గురించి ఆలోచిస్తారు. పనిలో కష్టమైన భాగం అది కాదు. రోగి గుర్తింపు ఒకే చోట పుట్టి, ఎవరూ మళ్లీ టైపు చేయవలసిన అవసరం లేకుండా ప్రతి యంత్రానికీ చేరడమే అసలు పని. ఈ నియమం కుదిరిన తరువాత మిగిలేది మామూలు సాంకేతిక పని మాత్రమే. కుదరని చోట ఎంత ఖరీదైన సర్వరు పెట్టినా, తప్పుడు రోగి పేరిట చిత్రాలు మరింత వేగంగా చేరతాయి, అంతే.

కేబుళ్ల కంటే ముందు నంబరు

ప్రతి రోగికీ ఒకే ఒక్క శాశ్వత నంబరు ఉండాలి. దానిని ఎంఆర్ (మెడికల్ రికార్డు) నంబరు అన్నా, మరే పేరుతో పిలిచినా ఫరవాలేదు. కొన్ని క్లినిక్కుల్లో ఓపీ చీటీ మీది వరుస సంఖ్యనే రోగి నంబరుగా వాడుతుంటారు, అది ప్రతి ఏటా, కొన్నిచోట్ల ప్రతి రోజూ 1 నుంచి మళ్లీ మొదలవుతుంది. అటువంటి నంబరు యంత్రాలకు చేరితే ఈ ఏటి 215వ రోగి చిత్రాలు నిరుటి 215వ రోగి చిత్రాలతో కలిసిపోతాయి. కాబట్టి రోగి నంబరు వేరు, ఆ రోజు వచ్చిన వరుస నంబరు వేరు అని మొదటే విడదీయాలి. శాశ్వత నంబరు 8 లేదా 10 అంకెలతో ఎప్పుడూ ఒకే పొడవులో ఉండాలి; మధ్యలో ఖాళీలు, గీతలు ఉండరాదు; మొదటి అంకె సున్నా కాకూడదు, ఎందుకంటే జాబితాను ఎక్సెల్‌లో తెరిచినప్పుడు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. వైద్య చిత్రాల కోసం ప్రపంచమంతటా వాడే డైకామ్ ప్రమాణం రోగి నంబరుకు 64 అక్షరాల వరకు చోటిస్తుంది గానీ, పాత యంత్రాల తెరల మీద అంత పొడవు పట్టదు.

పేరును గుర్తింపుగా నమ్మరాదు. నల్లగొండ ఓపీకి ఒకే ఉదయం ముగ్గురు యాదమ్మలు, ఇద్దరు లింగయ్యలు రావచ్చు. పాలమూరులో కుర్మయ్య, చెన్నమ్మ పేర్ల సంగతీ అంతే. నర్సింహ అనే ఒక్క పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. ఫోన్ నంబరు ఇంకా బలహీనమైన ఆధారం, ఎందుకంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉండవచ్చు, వలస వెళ్లినవారి సిమ్ మారిపోతూ ఉంటుంది. ఆధార్ సంఖ్యను యంత్రాల్లో నింపడం అసలే కూడదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద లభించే 14 అంకెల ఆభా నంబరును రికార్డులో అదనపు గుర్తింపుగా జతచేయడం మంచిదే గానీ, వచ్చే ప్రతి రోగికీ అది ఉండదు కనుక మీ శాశ్వత నంబరుకు అది బదులు కాలేదు.

పుట్టిన తేదీ విషయంలో క్లినిక్కులు చూపే అలక్ష్యం నాకు ఎప్పుడూ ఆందోళన కలిగిస్తుంది. ఓసీటీ యంత్రం నాడీ పొర మందాన్ని, విజువల్ ఫీల్డ్ యంత్రం చూపు సున్నితత్వాన్ని అదే వయసు ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి నివేదిక ఇస్తాయి. 65 ఏళ్ల మనిషిని 45 ఏళ్లవాడిగా నమోదు చేస్తే, వయసుతో సహజంగా తగ్గే మందం సైతం నివేదికలో పసుపుగానో ఎరుపుగానో కనిపించి, లేని జబ్బును సూచించవచ్చు. తేదీ తెలియక జనవరి 1 అని వేసిన గుర్తింపు కార్డులు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. కచ్చితమైన తేదీ లేనప్పుడు ఏడాదిని అడిగి తెలుసుకుని, తేదీ స్థానంలో దవాఖాన అంతటికీ వర్తించే ఒకే నియమాన్ని పాటించాలి, అది అంచనా అని రికార్డులో గుర్తు పెట్టాలి. ఓసీటీ గదిలో ఒక తేదీ, ఫీల్డ్స్ గదిలో ఇంకొక తేదీ ఉండే పరిస్థితిని మాత్రం రానీయకూడదు.

చిరునామాను టైపు చేయించకుండా ఊరు, మండలం జాబితా నుంచి ఎంపిక చేయించడం మేలు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు రాసిన రికార్డుల్లో సూర్యాపేట, భువనగిరి వారు నల్లగొండ జిల్లా కింద, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వారు మహబూబ్‌నగర్ జిల్లా కింద ఉంటారు. జిల్లా పేరుతో వెతికితే పాత రోగి కొత్త రోగిగా మళ్లీ నమోదవుతాడు. పేరును రికార్డులో తెలుగులో ఉంచుకోవచ్చు. డైకామ్ ప్రమాణం యూనికోడ్ అక్షరాలను అనుమతించినా చాలా యంత్రాల తెరల మీద తెలుగు పెట్టెలుగా కనిపిస్తుంది కనుక, యంత్రాలకు వెళ్లే పేరును ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పంపడమే క్షేమం.

యంత్రాలను మూడు రకాలుగా విడదీయాలి

ఒక రిజిస్టరు తీసుకుని ప్రతి యంత్రం పేరు, మోడల్, అది నడిచే విండోస్ వెర్షను, దాని నుంచి ఏమి బయటికి వస్తుంది అనేవి రాయాలి. డైకామ్ వర్క్‌లిస్టును, అంటే ఆ రోజు తీయవలసిన పరీక్షల జాబితాను, సర్వరు నుంచి అడిగి, చిత్రాలను డైకామ్ రూపంలో పంపగలిగేవి మొదటి రకం; కొత్త ఓసీటీలు, ఫండస్ కెమెరాలు, ఫీల్డ్స్ యంత్రాలు ఎక్కువగా ఇందులోకి వస్తాయి. జేపీఈజీ, పీడీఎఫ్ ఫైళ్లను మాత్రమే ఇచ్చేవి రెండో రకం. స్లిట్ ల్యాంప్ కెమెరాలు, చేతిలో పట్టుకుని వాడే కొన్ని ఫండస్ కెమెరాలు ఈ కోవలోవి. చిత్రం కాకుండా అంకెలను మాత్రమే ఇచ్చే ఆటోరిఫ్రాక్టోమీటరు, కంటి ఒత్తిడిని కొలిచే నాన్ కాంటాక్ట్ టోనోమీటరు వంటివి మూడో రకం.

మొదటి రకంలో ఒక చిక్కు ఉంది. డైకామ్ సౌకర్యం యంత్రంలో ఉన్నప్పటికీ, పలు కంపెనీలు దానిని అదనపు లైసెన్సుగా వేరే ధరకు అమ్ముతాయి. కొనుగోలు బేరం జరుగుతున్నప్పుడే యంత్రానికి ఏ డైకామ్ సౌకర్యాలు ఉన్నాయో తెలిపే డైకామ్ కన్‌ఫార్మెన్స్ స్టేట్‌మెంటును అడిగి తీసుకుని, అందులో మోడాలిటీ వర్క్‌లిస్టు, స్టోరేజ్ (చిత్రాలను సర్వరుకు పంపడం), స్టోరేజ్ కమిట్‌మెంట్ (అవి అందాయని సర్వరు ధ్రువీకరించడం) ఉన్నాయో లేదో చూడాలి, వాటి లైసెన్సును ఆర్డరులోనే రాయించాలి. యంత్రం గదిలో దిగి డబ్బు చెల్లించిన తరువాత ఇదే లైసెన్సుకు బేరమాడే బలం మీకు మిగలదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు చిత్రాలకు డైకామ్‌నే సూచిస్తున్నాయి కనుక, ఆ సౌకర్యాన్ని కోరడం అతిశయమేమీ కాదు.

నెట్‌వర్కు

యంత్రాలన్నింటినీ వైఫై మీద కాకుండా కేబులుతో ఒక స్విచ్చుకు కలిపి, ఒక్కొక్కదానికి మారని ఐపీ అడ్రసు ఇవ్వాలి. ఐపీ దానంతటదే మారేలా వదిలేస్తే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక యంత్రం సర్వరుకు కనిపించకుండా పోతుంది. ఈ నెట్‌వర్కును వెయిటింగ్ హాలు వైఫై నుంచి, రిసెప్షన్ ఇంటర్నెట్ నుంచి వేరుగా ఉంచాలి. కంటి యంత్రాల కంప్యూటర్లలో ఇంకా విండోస్ 7 నడుస్తుండవచ్చు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. యంత్రపు కంపెనీ అనుమతి లేకుండా వాటిని మార్చలేము కాబట్టి వాటిని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడమే రక్షణ. దూరం నుంచి సర్వీసు చేయవలసి వస్తే ఇంజనీరు పనిచేసే సమయానికి మాత్రమే దారి తెరిచి, పని కాగానే మూసివేయాలి. సర్వరుకు, స్విచ్చుకు, యంత్రాలకు యూపీఎస్ తప్పనిసరి. అన్ని కంప్యూటర్ల గడియారాలు సర్వరు గడియారాన్ని అనుసరించేలా అమర్చాలి, లేకపోతే ఆపరేషన్ తరువాతి స్కాను ఆపరేషన్‌కు ముందటిదిగా జాబితాలో కనిపించే ప్రమాదం ఉంది.

వర్క్‌లిస్టు: అసలు అనుసంధానం ఇక్కడే

పని జరిగే తీరు ఇది. ఓపీ కౌంటరులో రోగి నమోదు కాగానే లేదా డాక్టరు పరీక్ష రాయగానే, ఆ ఆర్డరు సర్వరులోని వర్క్‌లిస్టులో చేరుతుంది. ఓసీటీ గదిలోని టెక్నీషియన్ తెర మీద వర్క్‌లిస్టును తెరవగానే యంత్రం సర్వరును అడిగి, ఆ రోజు తన వంతు పరీక్షల జాబితాను తెచ్చుకుంటుంది. రోగి నంబరు, పేరు, పుట్టిన తేదీ, లింగం, ఆ పరీక్షకు ప్రత్యేకంగా ఇచ్చిన యాక్సెషన్ నంబరు అందులోనే వస్తాయి. టెక్నీషియన్ పేరును టైపు చేయడు, ఎంచుకుంటాడు. స్కాను ముగిశాక చిత్రాలు అదే నంబర్లతో సర్వరుకు చేరతాయి, సర్వరు వాటిని రోగి రికార్డుతో జతచేస్తుంది.

సర్వరు కోసం వెంటనే పెద్ద ఖర్చుకు దిగనవసరం లేదు. బెల్జియంలోని లీయేజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న ఆర్తాంక్ అనే ఉచిత డైకామ్ సర్వరు చిన్న క్లినిక్కుకు సరిపోతుంది. దాని వర్క్‌లిస్టు ప్లగిన్ ఒక ఫోల్డరులో ఉంచిన వర్క్‌లిస్టు ఫైళ్లను చదివి యంత్రాలకు అందిస్తుంది కనుక, మీ రికార్డు సాఫ్ట్‌వేరుకు ఏ ప్రమాణమూ తెలియకపోయినా, దాని డేటాబేసు నుంచి ఆ ఫైళ్లను తయారుచేసే చిన్న ప్రోగ్రాము రాయించుకుంటే చాలు. ఆర్తాంక్ మామూలుగా డైకామ్ కోసం 4242, బ్రౌజరు కోసం 8042 పోర్టులను వాడుతుంది. వీటిని విండోస్ ఫైర్‌వాల్‌లో లోపలి నెట్‌వర్కుకు మాత్రమే తెరవాలి. దానిని నడిపించే బాధ్యత తీసుకునే మనిషి ఊళ్లోనే ఉంటే ఉచిత సాఫ్ట్‌వేరు మంచి ఎంపిక. అటువంటి మనిషి లేని చోట డబ్బు చెల్లించి మద్దతుతో కూడిన వ్యవస్థను కొనడమే వివేకం.

రికార్డు సాఫ్ట్‌వేరు అమ్మేవారు తమది ఆరోగ్య సాఫ్ట్‌వేర్లు పరస్పరం సందేశాలు పంపుకునే హెచ్‌ఎల్ 7 ప్రమాణానికి అనుగుణమైనదని చెబుతారు. ఆ మాటతో సరిపెట్టుకోకుండా ఏ సందేశాలను పంపుతుందో అడగాలి. రోగి నమోదుకు ఏడీటీ ఏ04, వివరాల సవరణకు ఏ08, రెండుసార్లు నమోదైన రోగిని ఒకటి చేయడానికి ఏ40, పరీక్ష ఆర్డరుకు ఓఆర్‌ఎం, ఫలితానికి ఓఆర్‌యూ అనేవి కనీస అవసరాలు. వీటిలో ఎక్కువగా లోపించేది ఏ40. అది లేకపోతే కౌంటరులో రెండు నంబర్లను కలిపినా, చిత్రాల సర్వరులో ఆ రోగి ఇద్దరుగానే మిగిలిపోతాడు.

ప్రతి యంత్రానికీ సర్వరుకూ ఏఈ టైటిల్ అనే పేరు ఉంటుంది. అది 16 అక్షరాలకు మించరాదు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ఏఈ టైటిల్, ఐపీ అడ్రసు, పోర్టు అనే ఈ మూడింటినీ యంత్రం వైపు, సర్వరు వైపు ఒకే విధంగా నింపాలి. కనెక్షన్ కుదరలేదన్న ఫిర్యాదుల్లో మొదట చూడవలసినవి ఇవే. పరీక్షించేటప్పుడు క్రమం తప్పకూడదు: మొదట పింగ్ (నెట్‌వర్కులో యంత్రం అందుతోందా), తరువాత డైకామ్ ఎకో (డైకామ్ సంబంధం కుదిరిందా), ఆ తరువాత వర్క్‌లిస్టులో పరీక్ష కోసం సృష్టించిన రోగి కనిపించడం, చివరగా ఆ రోగి పేరిట కుడికంటికి, ఎడమకంటికి ఒక్కొక్క చిత్రం పంపడం. పింగ్ వచ్చి ఎకో రాకపోతే ఫైర్‌వాల్, పోర్టు, ఏఈ టైటిల్ చూడాలి. ఎకో వచ్చి వర్క్‌లిస్టు ఖాళీగా ఉంటే తేదీని, పరీక్ష రకాన్ని తెలిపే మోడాలిటీ కోడును చూడాలి. ఫండస్ ఫోటోకు ఓపీ (ఔట్‌పేషంట్ అనే అర్థంలో కాదు), ఓసీటీకి ఓపీటీ, విజువల్ ఫీల్డుకు ఓపీవీ, అల్ట్రాసౌండ్ బీ స్కానుకు యూఎస్ అనేవి ప్రమాణంలోని కోడ్లు. ఆర్డరు ఓపీ కోడుతో పుట్టి యంత్రం ఓపీటీ కోసం అడుగుతుంటే జాబితా ఎప్పటికీ నిండదు.

ఏ కన్ను అనే సమాచారాన్ని రెండు చిత్రాలతోనూ సరిచూడమనడానికి కారణం ఉంది. బల్ల మీది ఫండస్ కెమెరాలు, ఓసీటీలు యంత్రపు తల ఏ వైపు జరిగిందో చూసి కన్నును తామే గుర్తిస్తాయి. చేతిలో పట్టుకునే కెమెరాల్లో చాలావరకు ఆ పని టెక్నీషియన్ చేయాలి. డైకామ్‌లో కుడికి ఆర్, ఎడమకు ఎల్ అని నమోదయ్యే ఆ గుర్తు ఖాళీగా వచ్చిన చిత్రాన్ని రికార్డులోకి నేరుగా అనుమతించరాదు. ఇంజెక్షన్ ఇవ్వవలసిన కన్ను ఏదో చెప్పే చిత్రం విషయంలో అంచనాలకు తావు లేదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఓసీటీ నుంచి పీడీఎఫ్ నివేదిక రికార్డుకు చేరగానే పని పూర్తయిందని భావించవద్దు. పాత స్కానుతో కొత్తదాన్ని పోల్చే మార్పు విశ్లేషణకు యంత్రపు సొంత రూపంలోని ముడి డేటా కావాలి. పీడీఎఫ్‌తో అది సాధ్యం కాదు. కాబట్టి నివేదికను రికార్డుకు పంపుతూనే, ముడి డేటాకు యంత్రపు సాఫ్ట్‌వేరుతో వేరుగా బ్యాకప్ తీయాలి. స్టోరేజ్ కమిట్‌మెంట్ ద్వారా చిత్రాలు అందాయని సర్వరు ధ్రువీకరించేవరకు యంత్రంలోని చిత్రాలను తొలగించరాదు.

డైకామ్ లేని యంత్రాలు

ఫైళ్లు మాత్రమే ఇచ్చే యంత్రానికి సర్వరులో ఒక షేర్డ్ ఫోల్డరు ఇచ్చి, ఫైలు పేరు రోగి నంబరు, తేదీ, కన్ను అనే వరుసలో ఉండేలా చూడాలి. కేసు షీటు మీది బార్‌కోడును స్కానరుతో చదివిస్తే నంబరు టైపు చేసే అవసరం ఇక్కడా తప్పుతుంది. జర్మనీకి చెందిన ఆఫిస్ సంస్థ తయారుచేసిన డీసీఎమ్‌టీకే అనే ఉచిత ఉపకరణాల్లో జేపీఈజీని, పీడీఎఫ్‌ను డైకామ్‌గా మార్చేవి ఉన్నాయి. ఫోల్డరులోకి వచ్చిన ఫైలును ఇవి మార్చి సర్వరుకు పంపేలా అమర్చుకోవచ్చు. ఫైలు పేరులోని నంబరు ఆ రోజు వర్క్‌లిస్టులో లేకపోతే దానిని వేరే ఫోల్డరులో ఆపి ఉంచాలి, సాయంత్రం ఒక మనిషి చూసి సరిచేయాలి.

ఆటోరిఫ్రాక్టోమీటరు అంకెలను సాధారణంగా ఆర్‌ఎస్ 232 సీరియల్ పోర్టు ద్వారా పంపుతుంది, కొన్ని కొత్త మోడళ్లు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఇస్తాయి. బాడ్ రేటు, పారిటీ, స్టాప్ బిట్లు అనే డేటా పంపే అమరికలు యంత్రంలోనూ కంప్యూటరులోనూ ఒకేలా ఉంటేనే అంకెలు సరిగా వస్తాయి. ఈ పనిని చిన్నదిగా చూసి వదిలేయకండి. థర్మల్ కాగితం మీది చీటీ మన ఎండలకు త్వరగా వెలిసిపోతుంది, చేత్తో ఎక్కించేటప్పుడు మైనస్ గుర్తు జారిపోతే అద్దాల నంబరే తారుమారవుతుంది. పోర్టు ఏదీ లేని పాత ‘ఏ-స్కాన్’ (కంటి పొడవును కొలిచే అల్ట్రాసౌండ్) యంత్రపు ప్రింటును స్కానరులో పెట్టి, బార్‌కోడుతో పీడీఎఫ్‌గా జతచేస్తే సరిపోతుంది.

క్యాంపులు

2018 ఆగస్టు 15న మొదలై 2023 జనవరిలో రెండో విడత జరుపుకున్న ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు తరువాత, ఊళ్లోనే కంటి పరీక్షకు వరుసలో నిలబడటం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో క్యాంపు పెట్టినప్పుడు నెట్‌వర్కు అందకపోవచ్చు. అందుకని క్యాంపు కోసం ఒక వరుస నంబర్లను ముందుగానే కేటాయించి, వాటి బార్‌కోడు స్టిక్కర్లను ముద్రించి తీసుకువెళ్లాలి. ఒకే నంబరు స్టిక్కరు నమోదు ఫారం మీద ఒకటి, రోగి చేతికిచ్చే చీటీ మీద ఒకటి అంటించి, కెమెరాలో అదే నంబరును స్కాను చేయాలి. తిరిగి వచ్చాక ప్రతి నంబరునూ పాత రికార్డులతో పోల్చి చూసి, ముందే నమోదైన రోగి అయితే ఏ40 ద్వారా పాత నంబరులో కలపాలి.

బ్యాకప్, గోప్యత

సర్వరులోని డేటాకు రోజూ మరొక డిస్కులో ఒక ప్రతి, దవాఖాన భవనానికి బయట ఎన్‌క్రిప్టు చేసిన ఇంకొక ప్రతి ఉండాలి. నెలకొకసారి ఏదో ఒక రోగి చిత్రాలను బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఇన్‌పేషంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని చెబుతుంది. గ్లాకోమా, డయాబెటిక్ రెటినోపతి రోగులకు, పిల్లలకు 3 ఏళ్లు ఏ మూలకూ చాలవు. వారి చిత్రాలను తొలగించకపోవడమే మంచిది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా ప్రతి ఉద్యోగికీ సొంత లాగిన్ ఉండాలి, ఎవరు ఏ రికార్డు తెరిచారో నమోదు కావాలి. హైదరాబాదులోని నిపుణుడి అభిప్రాయం కోసం ఫండస్ ఫోటోను పేరుతో సహా వాట్సాప్‌లో పంపే అలవాటును మానిపించడం కష్టమే అయినా తప్పదు. పేరు తొలగించిన ప్రతిని తయారుచేసే బటను సాఫ్ట్‌వేరులో ఉంటే సిబ్బంది దానినే వాడతారు.

ఒక్కొక్క యంత్రంగా మొదలుపెట్టాలి

అన్నింటినీ ఒకే వారంలో కలపవద్దు. ఎక్కువమంది రోగులు వెళ్లే ఓసీటీతోనో ఫండస్ కెమెరాతోనో మొదలుపెట్టి, అది ఇబ్బంది లేకుండా నడిచాక రెండోదానికి వెళ్లాలి. అత్యవసరంగా వర్క్‌లిస్టు లేకుండా తీయవలసిన స్కాను ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు కూడా బార్‌కోడుతో నంబరు ఎక్కించాలే తప్ప పేరు ఒక్కటే రాసి తీయరాదు. యంత్రాల సొంత జాబితాల్లో ఉన్న పాత రోగులను ఒక్కసారిగా సర్వరుకు పంపాలన్న కోరికను అణచుకోండి. పాత రోగి తిరిగి వచ్చిన రోజున అతని పాత స్కాన్లను వెతికి, వివరాలు సరిచూసి, కొత్త నంబరు కిందికి మార్చి పంపడం నెమ్మదిగా సాగినా తప్పులకు తావివ్వదు.

సర్వీసు ఇంజనీరు యంత్రపు కంప్యూటరును మార్చినా, విండోస్ మళ్లీ వేసినా, సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను ఎక్కించినా, ఏఈ టైటిల్, ఐపీ అడ్రసు, గడియారం పాత స్థితికి లేదా ఖాళీ స్థితికి వెళ్లే అవకాశం ఉంది. అతను బయలుదేరేముందే రిజిస్టరు తెరిచి ఆ వివరాలను సరిచూసి, పరీక్ష రోగిని వర్క్‌లిస్టు నుంచి ఎంపిక చేయించి, రెండు కళ్ల చిత్రాలూ సర్వరుకు చేరిన తరువాతనే సర్వీసు రిపోర్టు మీద సంతకం చేయాలి.